పట్టకారు, పంచ్, ఉలి: ఆరు రోజుల కొలిమి డైరీ

పని ఇది: 16 మి.మీ. చదరపు మైల్డ్ స్టీల్ (కార్బన్ తక్కువ ఉండే మెత్తటి ఉక్కు) కడ్డీతో బల్లపరుపు దవడల పట్టకారు ఒకటి. దాని కీలుకి రంధ్రం పొడవడానికి ఒక వేడి పంచ్. చివర్లో, పంచ్ చేయగా మిగిలిన స్ప్రింగ్ ముక్కతో ఒక ఉలి. కమ్మరం నేర్చుకునేవాళ్ళు కత్తితో మొదలుపెట్టాలని తహతహలాడతారు. పట్టకారుతో మొదలుపెడితే కత్తికి కావాల్సిన పనులు సగం ఇక్కడే చేతికి వస్తాయి, పైగా కత్తిని పట్టుకోవడానికి ఒక పనిముట్టు మిగులుతుంది.

మొదటి రోజు: లెక్క, మంట

ఇనుము కొలిమిలో కరిగిపోదు, పెరగదు. ఒకచోట తగ్గిన లోహం ఇంకోచోట తేలుతుంది. అందుకే కడ్డీ కోసే ముందే ఘనపరిమాణం లెక్క వేసుకోవాలి. 16 మి.మీ. చదరానికి అడ్డుకోత 256 చ.మి.మీ. మీటరు బరువు దాదాపు 2 కిలోలు.

పట్టకారులో ఒక సగానికి మూడు భాగాలు. దవడ: పొడవు 45, వెడల్పు 22, మందం 9 మి.మీ. దీనికి 35 మి.మీ. కడ్డీ చాలు. కీలు: 28 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. మందం. దీనికి 24. కాడ: కీలు దగ్గర 12 మి.మీ., కొసన 8 మి.మీ. ఉండే గుండ్రటి కడ్డీ, పొడవు 380. దీనికి 118 మి.మీ. మొత్తం 177. కాలిన ప్రతిసారీ పైపొర పొలుసుగా రాలిపోతుంది కాబట్టి ఆ నష్టానికి, కొసలు సరిచేయడానికి కలిపి ఒక్కో సగానికి 200 మి.మీ.

అయితే 200 మి.మీ. ముక్కలు రెండు కోసి పెట్టుకోకూడదు. పట్టకారు చేయడానికి ముందు పట్టకారు కావాలి, అది ఇంకా లేదు. 400 మి.మీ. కడ్డీ ఒకటే కోసి, రెండు కొసల్లోనూ దవడ, కీలు కొట్టి, తర్వాతే మధ్యకి నరకాలి. అప్పటిదాకా రెండో కొస చేతికి పిడిలా పనికొస్తుంది.

దాగలి (ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ) ఎత్తు: నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేసి పిడికిలి బిగిస్తే వేళ్ళ కణుపులు దాగలి ముఖానికి తగలాలి. అంతకన్నా ఎత్తుగా ఉంటే భుజం పోతుంది, తక్కువైతే నడుము పోతుంది, సుత్తి ముఖం కూడా వాలి పడి ఇనుములో అర్ధచంద్రాకారపు గాట్లు పెడుతుంది. సుత్తి 1 కిలో. ముఖం మధ్యలో అతి కొద్దిగా ఉబ్బి ఉండాలి, అంచులు గుండ్రం చేసి ఉండాలి. కొత్త సుత్తిని అలాగే వాడితే దాని పదునంచులు వదిలిన గుర్తులు చివరిదాకా పోవు.

దాగలి అంచుల్లో ఒకచోట, 100 మి.మీ. మేర, 3 మి.మీ. గుండ్రం ఉండేలా ఆకురాయితో రుద్దాం. ఇది ఎందుకో మూడో రోజు తెలుస్తుంది.

మంట గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. గాలి గొట్టం నోటికి, ఇనుముకి మధ్య కనీసం 100 మి.మీ. మండుతున్న బొగ్గు ఉండాలి. గాలి నోటి దగ్గర ఇంకా వాడని ఆక్సిజన్ ఉంటుంది. ఇనుమును అక్కడ పెడితే వేడెక్కడం కన్నా పొలుసు కట్టడం ఎక్కువ. ముక్కని మంటలోకి కిందికి గుచ్చకుండా అడ్డంగా పెట్టాలి, కింద బొగ్గు, పైన బొగ్గు. కర్రబొగ్గు అయితే 30, 40 మి.మీ. ముక్కలు చేసుకుని మెల్లటి గాలి చాలు. రాతిబొగ్గు అయితే ముందు పొగ పోయి కోక్‌గా మారేదాకా ఆగాలి. గంటా రెండు గంటలు గడిచేసరికి చిట్టెం (బొగ్గులోని మలినాల ముద్ద) కరిగి గాలి నోటికి అడ్డుపడుతుంది. మంట మధ్యలో నల్లటి మచ్చ కనిపిస్తూ ఇనుము ఎంతకీ రంగెక్కకపోతే గాలి పెంచడం కాదు, ఆపాలి. రెండు నిమిషాల్లో చిట్టెం గట్టిపడుతుంది, కడ్డీతో ఎత్తితే ముద్దగా వచ్చేస్తుంది.

రంగులు నీడలోనే చూడాలి. మసక ఎరుపు 650 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం, పండు ఎరుపు 750 నుంచి 800, నారింజ 950, పసుపు 1100 పైన. ఎండలో చూస్తే పసుపు కూడా నారింజలా కనబడుతుంది. ఇంకా కాలలేదనుకుని ఉంచితే కొస చిచ్చుబుడ్డిలా రవ్వలు చిమ్ముతుంది. అలా మాడిన ఇనుము మళ్ళీ పనికిరాదు, ఆ కొస నరికి పారేయడమే.

జింకు పూత ఉన్న ఇనుము కొలిమిలోకి రాకూడదు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. రెండు వైపులా మూసిన గొట్టం అసలే రాకూడదు, లోపలి గాలి వ్యాకోచించి పేలుతుంది. కళ్ళద్దాలు, నూలు బట్టలు, తోలు బూట్లు. గాలి ఆడని గదిలో కొలిమి వెలిగించకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

రెండో రోజు: పంచ్

పాత వాహనపు కాయిల్ స్ప్రింగ్, తీగ మందం 14 మి.మీ. ఇది ఏ ఉక్కో పేరు రాసి ఉండదు కాబట్టి ముందు పరీక్ష. చిన్న ముక్కని అయస్కాంతం అంటనంత వరకు (అది 770 డిగ్రీల దగ్గర వదిలేస్తుంది), ఆపైన ఇంకొంచెం కాల్చి నూనెలో ముంచాం. ఆకురాయి దాని మీద గాజు మీద జారినట్టు జారింది. గుడ్డలో చుట్టి కొడితే పుటుక్కున విరిగింది, విరిగిన చోట సన్నటి బూడిదరంగు రేణువులు. పనికొచ్చే ఉక్కే. ఆకురాయి కొరికితే అది మెత్తటి ఇనుము. రేణువులు పంచదారలా మెరిస్తే ఉక్కులో తప్పు లేదు, ఎక్కువ కాల్చామని అర్థం.

చుట్టని నిటారు చేయడానికి పావు చుట్టు చొప్పున కాల్చి, ఒక కొస వైస్‌లో బిగించి లాగాలి. 200 మి.మీ. తీసుకున్నాం. అంత పొడవు ఎందుకంటే చెయ్యి వేడి కీలు మీద ఆవిరికి, సెగకి దూరంగా ఉండాలి. కొసన 8 మి.మీ., అక్కడి నుంచి 40 మి.మీ. పైకి వచ్చేసరికి 11 మి.మీ. ఉండే వాలు. కొస ముఖం బల్లపరుపుగా, అంచులు చురుగ్గా ఉండాలి. గుండ్రం చేస్తే అది లోహాన్ని కోయదు, పక్కకి నెడుతుంది.

స్ప్రింగ్ ఉక్కుకి మైల్డ్ స్టీల్ అంత ఓపిక ఉండదు. నారింజ రంగులో కొట్టాలి, ఎరుపు మసకబారగానే ఆపాలి. ఆ దశ దాటి రెండు దెబ్బలు వేస్తే కంటికి కనిపించని పగులు పడి, తర్వాత ముంచినప్పుడు బయటపడుతుంది. పగులు నీళ్ళలో వచ్చిందని నీళ్ళని తిట్టుకోవడం మామూలే, అది పుట్టింది మాత్రం సుత్తి కింద.

పంచ్‌ని గట్టిపరచలేదు. వేడి ఇనుములోకి దిగే పనిముట్టు మొదటి రంధ్రంలోనే ఎర్రబడుతుంది, పెట్టిన గట్టిదనం అక్కడే పోతుంది. మూడుసార్లు అయస్కాంతం వదిలే రంగు వరకు కాల్చి గాలిలో చల్లార్చి వదిలేశాం. ముతక రేణువులు సన్నబడటానికి అది చాలు. దెబ్బ తినే తల అంచులు గుండ్రం చేశాం.

మూడో రోజు: దవడలు, కీళ్ళు

ఈ ప్రాజెక్టులో అసలు కష్టం ఈ రోజుదే. మూడు మెట్లు దించాలి, ప్రతి మెట్టుకి మధ్య కడ్డీని ఎడమవైపుకి పావు చుట్టు తిప్పాలి.

మొదటి మెట్టు: కొస నుంచి 35 మి.మీ. దగ్గర పంచ్‌తో గుర్తు. సుద్ద గీత మొదటి కాకలోనే (ఒకసారి కాల్చి కొట్టే విడతలోనే) మాయమవుతుంది, అందుకే గుంట పెట్టాలి. పసుపు రంగుకి కాల్చి, ఆ 35 మి.మీ. దాగలి మీద, మిగతా కడ్డీ మనవైపు బయటికి ఉండేలా దగ్గరి అంచు మీద పెట్టాలి. సుత్తి ముఖం సగం దాగలి మీద, సగం బయట పడాలి. ఇలా కొడితే అడుగున మెట్టు పడుతూ కొస పలచబడుతుంది. మందం 9 మి.మీ.కి దించడానికి మూడు కాకలు పట్టింది. వెడల్పు మరీ పెరిగితే మధ్యమధ్యలో పక్కకి తిప్పి తట్టాలి.

రెండో మెట్టు: కడ్డీని ఎడమకి పావు చుట్టు తిప్పి, దవడ మొత్తం దూరపు అంచు దాటి బయటికి వేలాడేలా, కడ్డీ అంచుకి 45 డిగ్రీల కోణంలో ఉండేలా పెట్టాలి. అంచుకి ఆనుకున్న భాగం 10 మి.మీ.కి దించితే అది కీలు. ఆ కోణం వల్లే దవడకీ కీలుకీ మధ్య నిలువు గోడ బదులు వాలు వస్తుంది, బలం అక్కడే ఉంది.

మూడో మెట్టు: మళ్ళీ ఎడమకే పావు చుట్టు. కీలు కూడా అంచు దాటి వెళ్ళాలి, దాని వెనక భాగాన్ని 12 మి.మీ.కి దించితే కాడ మొదలు.

కడ్డీని నీళ్ళలో చల్లార్చి, తిరగేసి పట్టుకుని రెండో కొసన అదే క్రమం, అదే ఎడమ. ఇక్కడ బుర్ర ఒక మోసం చేస్తుంది. రెండు సగాలు ఎదురెదురుగా కూర్చోవాలి కదా, రెండోది అద్దంలో బొమ్మలా ఉండాలేమో అనిపిస్తుంది. కాదు. రెండూ అచ్చు ఒకేలా ఉండాలి. ఒకదాన్ని తిరగేసి రెండోదాని మీద పెడితే అవే కత్తెరలా కూర్చుంటాయి. రెండోదానికి కుడికి తిప్పినవాళ్ళ దగ్గర రెండు సగాలుంటాయి, పట్టకారు ఉండదు. దాగలి పక్కన గోడ మీద బాణం గుర్తు గీసుకోవడం సిగ్గుపడాల్సిన పనేం కాదు.

రెండో కొసన తప్పు ఒకటి జరిగింది. మొదటి మెట్టు దాగలి పదునంచు మీద పడింది, గుండ్రం చేసిన చోట కాదు. మెట్టు మూలలో వెంట్రుకంత గీత, అంటే లోహం తన మీద తాను మడతపడింది. మడత లోపల పొలుసు ఉంటుంది, కాబట్టి ఎంత కాల్చి కొట్టినా అతుక్కోదు, ప్రతి దెబ్బకీ లోతుకి దిగుతుంది. కడ్డీ చల్లార్చి, ఆకురాయితో గీత పూర్తిగా పోయేదాకా రుద్దితే 1 మి.మీ. లోతున అంతమైంది. ఆ తర్వాతే రెండో మెట్టు. అప్పుడే రుద్దకుండా 'తర్వాత చూద్దాం' అనుకుంటే పట్టకారు సరిగ్గా అక్కడే విరుగుతుంది.

కాక సంగతి ఒకటి. 16 మి.మీ. ముక్క మీద పసుపు నుంచి పండు ఎరుపు దిగేదాకా దొరికేది 15, 20 సెకన్లు. దవడ 9 మి.మీ.కి వచ్చాక అందులో సగం కూడా ఉండదు, ఎందుకంటే పలచటి ముక్కలోని వేడిని దాగలి తాగేస్తుంది. అందుకే ముక్క బయటికి తీయకముందే ఎక్కడ పెట్టాలో, ఎటు తిప్పాలో, ఎన్ని దెబ్బలో తేల్చుకోవాలి. దాగలి మీద పెట్టి ఆలోచించడం మొదలుపెడితే ఆ కాక వృథా.

నాలుగో రోజు: కాడలు

కడ్డీని మధ్యకి నరికి, దవడని లాకింగ్ ప్లయర్‌తో బిగించి పట్టాం. ప్లయర్ దవడలు కాలకుండా మధ్యమధ్యలో నీళ్ళలో ముంచాలి.

సాగదీసే వరస మారకూడదు: చదరం, సన్నటి చదరం, ఎనిమిది పలకలు, గుండ్రం. మొదటి నుంచే గుండ్రంగా తిప్పుతూ కొడితే పైపొర సాగి లోపలి లోహం వెనకబడుతుంది, మధ్యలో చీలిక వస్తుంది. కొసన నోరు తెరుచుకున్నట్టు గుంట పడటం దీని మొదటి గుర్తు. ఆ గుంట కనబడితే కొట్టి మూయకూడదు, నరికేయాలి.

వాలి పడిన సుత్తి దెబ్బలకి చదరం కాస్తా డైమండ్ ఆకారం అవుతుంది. పొడవైన మూల పైకి ఉండేలా నిలబెట్టి, మంచి పసుపు రంగులో ఆ మూల మీదే కొడితే చదరానికి వస్తుంది. పలకల మీద కొడుతూ పోతే ఇంకా ముదురుతుంది.

దాగలి బల్లపరుపు ముఖం మీద కన్నా కొమ్ము మీద అడ్డంగా పెట్టి కొడితే లోహం పొడవులోనే సాగుతుంది, పక్కకి తక్కువ పోతుంది. అలల్లా గుర్తులు పడతాయి, తర్వాత ముఖం మీద సమం చేయొచ్చు. కొస 250 మి.మీ. దాటాక ప్లయర్ అక్కర్లేదు. చల్లటి కొసని చేత్తో పట్టుకుని కీలు వైపు భాగం కాల్చి కొట్టొచ్చు. ఒక్కో కాడకి తొమ్మిది, పది కాకలు.

కీలు నుంచి కాడ మొదలయ్యే 20 మి.మీ.ని మాత్రం సన్నబడనివ్వకూడదు. 12 మి.మీ. మందం, 14 వెడల్పు అలాగే ఉంచాం. అందంగా కనబడాలని అక్కడ సన్నం చేస్తే, బరువైన ముక్క పట్టినప్పుడు ఒంగేది ఆ మెడే.

ఐదో రోజు: రంధ్రం, రివెట్, సర్దుబాటు

కీలు మధ్యలో గుంట పెట్టి, పసుపు రంగులో పంచ్. మూడు దెబ్బలు, పంచ్ తీసి నీళ్ళలో ముంచడం, గుంటలో చిటికెడు బొగ్గు పొడి, మళ్ళీ మూడు దెబ్బలు. బొగ్గు పొడి లోపల వాయువు పుట్టించి పంచ్‌ని పైకి నెడుతుంది, లేకపోతే ఇరుక్కుంటుంది. దెబ్బ శబ్దం మొద్దు నుంచి గట్టిగా మారిందంటే అడుగున దాగలి తగులుతోంది. అప్పుడు తిరగేస్తే అవతలి వైపు నల్లటి గుండ్రటి మచ్చ కనిపిస్తుంది, అది దాగలికి అంటి చల్లబడిన చోటు. మచ్చ మీదే పంచ్ పెట్టి దాగలి రంధ్రం మీద ఒక్క దెబ్బ, బిళ్ళ కింద పడుతుంది. మచ్చ రెండు సెకన్లలో మాయమవుతుంది, కాబట్టి తిరగేయడం వెంటనే. ఆ తర్వాత పంచ్ వాలుని లోపలికి దించి రంధ్రాన్ని 10.5 మి.మీ.కి వెడల్పు చేశాం.

చల్లటి ఇనుముకి డ్రిల్ వేసినా పట్టకారు పనిచేస్తుంది. డ్రిల్ లోహాన్ని తీసేస్తుంది, పంచ్ ఎక్కువ భాగాన్ని పక్కకి జరిపి రంధ్రం చుట్టూ ఉంచుతుంది, తేడా అంతే.

రివెట్ (రెండు సగాలనీ కలిపి పట్టే మేకు): 10 మి.మీ. మైల్డ్ స్టీల్ కడ్డీ. రెండు కీళ్ళ మందం 20, ఒక్కో తలకి వ్యాసానికి ఒకటిన్నర రెట్లు అంటే 15, మొత్తం 50 మి.మీ. పొట్టిగా ఉంటే తల నిండదు, పొడుగైతే పక్కకి వంగుతుంది. ఒక తల ముందే కొట్టి పెట్టుకుని, రివెట్‌ని పసుపు రంగుకి కాల్చి దూర్చి, రెండో తలని మొదట నిలువు దెబ్బలతో, తర్వాత అంచుల చుట్టూ చిన్న దెబ్బలతో గుండ్రం చేశాం.

ఇప్పుడు పట్టకారు కదలదు, కదలకూడదు కూడా. కీలు మొత్తం ఎర్రగా కాల్చి, కాడలు తెరుస్తూ మూస్తూ, ఆపకుండా అలాగే నీళ్ళలోకి దించాం. రెండు ముఖాలూ ఒకదానికొకటి అరిగి సర్దుకుని, వేలితో తెరిచేంత వదులైంది.

చివరి పని దవడల సర్దుబాటు. దవడలు ఎర్రగా కాల్చి, మధ్యలో 10 మి.మీ. పట్టీ పెట్టి నొక్కి పట్టి కొడితే అవి ఆ మందానికి సమాంతరంగా కూర్చుంటాయి. కొసలు మాత్రమే తగిలి వెనక ఖాళీ ఉంటే పట్టిన ముక్క గిర్రున తిరుగుతుంది. వెనక మాత్రమే తగిలితే ముక్క ఎగిరిపోతుంది. పట్టీ దవడల్లో ఉండగానే కాడలు కాల్చి, చెయ్యి పట్టే చోట మధ్య దూరం 45 మి.మీ. ఉండేలా వంచాం. అంతకన్నా వెడల్పైతే గంటలో వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఈ పట్టకారు 10 మి.మీ. మందానికే. 20 మి.మీ. ముక్కకి ఇంకొకటి చేసుకోవాల్సిందే. కమ్మరి గోడ మీద పట్టకార్లు పదులకొద్దీ వేలాడేది అందుకే.

ఆరో రోజు: ఉలి

మిగిలిన స్ప్రింగ్ ముక్క 160 మి.మీ. కొస 40 మి.మీ.ని వాలుగా 3 మి.మీ.కి దించి, మూడుసార్లు గాలిలో చల్లార్చి, ఆకురాయితో 60 డిగ్రీల అంచు తీశాం. అంచు అప్పుడే చురుగ్గా తీయలేదు, 1 మి.మీ. మొద్దుగా ఉంచాం. పలచటి అంచు ముందుగా మాడుతుంది, ముందుగా పగులుతుంది.

కొస 50 మి.మీ. అయస్కాంతం వదిలి, ఇంకొక్క ఛాయ పెరిగేదాకా కాల్చి, 50, 60 డిగ్రీలకి వెచ్చబెట్టిన నూనెలో 25 మి.మీ. లోతు నిలువుగా దించి పైకీ కిందికీ ఆడించాం. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది, వెచ్చటిది పలచబడి త్వరగా లాగుతుంది. డబ్బా లోహానిదే ఉండాలి, పక్కనే మూత ఉండాలి, నూనె అంటుకుంటే నీళ్ళు పోయకుండా మూత వేయాలి.

ఆకురాయి జారింది, గట్టిపడింది. ఈ దశలో ఉలి గాజులాంటిది, కింద పడినా విరగొచ్చు, కాబట్టి టెంపరింగ్ (గట్టిపడిన ఉక్కుని కొద్దిగా కాచి పెళుసుదనం తగ్గించడం) మర్నాటికి వాయిదా వేయకూడదు. నూనె తుడిచి, అంచు వైపు గరుకు కాగితంతో తెల్లగా మెరిసేలా రుద్ది, ఎర్రగా కాలిన ఇనుప దిమ్మ మీద ఉలి నడుము ఆనించాం. రంగులు నడుము నుంచి అంచువైపు పాకుతాయి: లేత గడ్డిరంగు 220 డిగ్రీలు, గోధుమ 255, ఊదా 280, నీలం 300. అంచుకి ఊదా చేరగానే నీళ్ళలో ముంచాం. దెబ్బ తినే తలకి ఏ గట్టిదనమూ పెట్టలేదు. గట్టి తల మీద సుత్తి పడితే పెచ్చులు తూటాల్లా ఎగురుతాయి.

అంచు సానబట్టి 5 మి.మీ. మైల్డ్ స్టీల్ పట్టీ మీద పరీక్ష. ఇరవై దెబ్బల తర్వాత అంచు పక్కకి ఒరిగితే టెంపర్ ఎక్కువైందని, పెచ్చు లేస్తే తక్కువైందని అర్థం. మొదటిసారి ఒక మూలన గోరంత పెచ్చు లేచింది. చూస్తే ఆ మూలకి గోధుమరంగే చేరింది, ఉలి దిమ్మ మీద వంకరగా ఆనింది. మళ్ళీ గట్టిపరచక్కర్లేదు. మళ్ళీ రుద్ది, ఈసారి ఉలిని అటూఇటూ తిప్పుతూ ఆ మూలకి కూడా ఊదా వచ్చేదాకా కాచి ముంచాం. రెండో పరీక్షలో పట్టీ తెగింది, అంచు నిలిచింది. ఉలిని దిమ్మ మీద తిప్పింది ఐదో రోజు చేసిన పట్టకారే. 14 మి.మీ. నడుము మీద దాని దవడల కొసలు కొంచెం విచ్చుకుని, వెనక భాగంతోనే పట్టాయి. గుండ్రటి కడ్డీ కోసం దవడల్లో నిలువుగా గాడి తీసిన పట్టకారు ఇక చేయాల్సిన జాబితాలో మొదటిది.